యుద్ధవిమానానికి పాకం పట్టిన వైనం

ఫారంలో నింపవలసిన గళ్ళు పదకొండు. పదింటిని నీలం సిరాతో నింపారు. విమానం పేరు హరికేన్. రెక్కల నిడివి రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు. బరువు పదమూడు కిలోలు. ఇంజిను పెట్రోలుది. ఇలా సాగుతూ వచ్చి పదకొండో గడి దగ్గర సిరా ఆగిపోయింది. ఆ గడి పేరు ‘తయారు చేసినవారు’. అందులో మాత్రం పెన్సిలుతో ‘సంధ్యారాణి, ఎం.ఎస్‌సి., ఫిజిక్స్’ అని రాసి ఉంది.

యల్లపు సత్తిబాబు ఆ గడిని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు. ఎలా చదివినా పేరు మారలేదు.

ఆయన వెనక వరండాలో, రెండు బల్లలు జోడించిన చోట, ఆ హరికేనే ఇంకా రంగు పడని ఒంటితో పడుకుని ఉంది. అది మూడేళ్ళ కష్టం. ఆ మూడేళ్ళలో సంధ్యారాణి దానికి ఒక్క మేకు కొట్టి ఎరగదు. ఆమె కె.కోటపాడు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మేడమ్. రిమోటు చేతికిస్తే ఎంత పొగరుబోతు విమానాన్నైనా గాలిలో మేకపిల్లలా వెంట తిప్పుకుంటుంది. ఎగరెయ్యడం ఆమె విద్య, కట్టడం సత్తిబాబు విద్య. ఈ విభజనలో అర్థం కానిది ఏమున్నదో ఆ ఫారం నింపిన మహానుభావుడికే తెలియాలి.

“నువ్వు కట్టేవని రాసేరేటమ్మా?” అన్నాడు సత్తిబాబు, కోపాన్ని పళ్ళ వెనక పెట్టుకుని.

“నేను సెప్పలేదు బాబాయ్. ఫోన్లో ఎవరు మాటాడితే ఆళ్ళే కట్టేరనుకున్నాడు ఆ విమానాల క్లబ్బు ఉదయ్‌కుమార్ సారు. టీచర్నని తెలిసేక ఇంక అడగనే లేదు,” అంది సంధ్యారాణి. “పెన్సిలే కదా, రబ్బరుతో రుద్దితే పోద్ది. కాకపోతే ఒక సంగతుంది. ఆ గడిలో ఎవరి పేరుంటే ఆళ్ళని మెటీరియల్ గురించి ప్రశ్నలేస్తాడు. ఆ తరవాత రెక్క మీద బరువు పెట్టి సూస్తాడు. రెండిట్లో ఏది తప్పినా ఈ ఏడు మన విమానం నేల ఇడవదు.”

“నీ పేరే ఉంచీస్తే?”

“నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు సెప్పీసి గట్టెక్కించేస్తాను. నీ ఇష్టం.”

సత్తిబాబు అయిదో తరగతి దాకా చదివాడు. తన పేరు రాసుకుంటే విమానం ఎగరకపోవచ్చు. ఆమె పేరు వదిలేస్తే ఎగురుతుంది గాని, అది తనది కాకుండా ఎగురుతుంది. ఆయన లోపలికి వెళ్ళి, రబ్బరు కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, సంధ్యారాణి సంచిలోంచే తీసుకుని, ఆ గడిని కాగితం పలచబడేదాకా రుద్దాడు.

ఇంతకీ ఆ ఫారం పంపింది విశాఖపట్నంలోని బొమ్మ విమానాల క్లబ్బు. నగరంలో నౌకాదళం వారి విమానాశ్రయం ఉంది కాబట్టి అక్కడ ఎగరెయ్యడానికి వీల్లేదు. అందుచేత వాళ్ళు ఏటా ఫిబ్రవరిలో చోడవరం శివారున, ప్లాట్లు అమ్ముడుపోని ఒక లేఅవుట్లో, గీత గీసినట్టున్న తారురోడ్డు చూసుకుని, ఒక ఆదివారం పండగ చేసుకుంటారు. బొమ్మ అన్న మాట ఇక్కడ వాడవలసి వచ్చినందుకు చింతించాలి. పదమూడు కిలోల బరువుతో, మోటారుసైకిలును మించిన వేగంతో నెత్తిమీదుగా పోయే వస్తువును బొమ్మ అనేవారు దాని కింద ఒకసారి నిలబడి అనాలి.

సత్తిబాబు విశాఖపట్నం చేపలరేవు పక్కన ఒక బోట్ల యార్డులో ఇరవై ఏడేళ్ళు పనిచేశాడు. ఫైబరు పడవలు కట్టే చోటది. అచ్చులో గాజునార మ్యాటు పరచడం, దానిమీద జిగురులాంటి రెసిను పూయడం, రోలరుతో గాలిబుడగల్ని తరమడం, మళ్ళీ మ్యాటు, మళ్ళీ రెసిను. అలా నూటనలభై పడవలు ఆయన చేతుల మీదుగా సముద్రంలోకి దిగాయి. ఒక్కటి కూడా కారిందని వెనక్కి రాలేదు. యార్డు మూతపడిన రోజున ఇచ్చిన సర్వీసు ఉత్తరంలో ఆయన హోదాను ఒకే ఒక్క మాటలో తేల్చారు: హెల్పరు. ఎవరికి హెల్పరు? ఈయన హెల్పరైతే పడవ కట్టినవాడు ఎవడు? ఆ ఉత్తరం మీద సంతకం గిలికిన పెద్దమనిషి చేతికి పుట్టి బుద్ధెరిగాక ఒక చుక్క రెసినైనా అంటిందా? సత్తిబాబు ఆ కాగితాన్ని చించలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేకు పెట్టె అడుగున భద్రపరిచాడు. అన్యాయానికి సాక్ష్యం ఉండాలి గదా.

ఆ యార్డు రోజుల్లోనే ఆయనకు ఈ పిచ్చి పట్టింది. డిసెంబరులో నౌకాదళం విన్యాసాలు జరిగేటప్పుడు పనివాళ్ళంతా రేకుల కప్పెక్కేవారు. మిగతావాళ్ళు చప్పుడుకి కేరింతలు కొడుతుంటే సత్తిబాబు మాత్రం ఆ విమానాల ఒంటి వంపులు చూసేవాడు. నీళ్ళను కోసే వంపూ, గాలిని కోసే వంపూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయని ఆయనకు తోచింది. పడవ కట్టగలిగినవాడు విమానం ఎందుకు కట్టకూడదు అన్న ప్రశ్న ఆనాడు బుర్రలో దూరి, చోడవరం తిరిగివచ్చి చిల్లులు పడ్డ వాటర్ ట్యాంకులకూ, పగిలిన కూలర్లకూ అతుకులు వేసుకుంటున్న వయసులో గూడు కట్టింది.

మొదటి విమానాన్ని థర్మోకోలుతో చేశాడు. వేడి తీగతో రెండు రెక్కలూ చక్కగా కోశాడు. ఉలి పెట్టి చెక్కినట్టు వచ్చాయి. వాటిమీద సన్నని గ్లాసుబట్ట పరిచి, చేతికి అలవాటైన పడవల రెసినునే బ్రష్షుతో ధారాళంగా పూశాడు. మూడో నిమిషంలో లోపల వంటింట్లో ఉన్న భార్యకు కేకేశాడు.

“మంగా, ఓసారిలా రా. రెక్క దిగిపోతంది.”

“ఎక్కడికి దిగిపోతంది?” అంది మంగాయమ్మ, పొయ్యి దగ్గర్నించి కదలకుండా.

“లోపలికి.”

ఆవిడ గరిటెతోనే వచ్చి చూసింది. ఎడమ రెక్క నడుము దగ్గర గుంటపడి, గుంట గొయ్యి అయ్యి, గొయ్యిలోకి గ్లాసుబట్ట తడిసిన దుప్పటిలా జారిపోతోంది. అప్పటికే కుడి రెక్క కూడా దాని బాట పట్టింది.

“ఓలమ్మ, పంచదార సిలకని నీళ్ళలో ఏసినట్టు కరిగిపోతందేటి?” అని, ఆవిడ బల్ల అంచు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. సత్తిబాబు అయిదు నిమిషాలు గంభీరంగా నిలబడ్డాడు. ఆరో నిమిషంలో ఆయనకూ ఆగలేదు. రెక్క ఉండవలసిన చోట మిగిలినది తడి గుడ్డ ఒక్కటే.

పడవల రెసినుకు థర్మోకోలును తినేసే గుణముంది. పడవలో థర్మోకోలు పెట్టరు కాబట్టి ఇరవై ఏడేళ్ళలో ఆ సంగతి తెలుసుకోవలసిన అగత్యం ఆయనకు రాలేదు. కె.కోటపాడు హైస్కూలు ట్యాంకుకి అతుకు వేయడానికి వెళ్ళినప్పుడు ఈ కథ అక్కడ చెబితే, నవ్వకుండా విన్నది సంధ్యారాణి ఒక్కతే. పిల్లలకు పాఠం చెప్పడానికి తెచ్చిన చిన్న విమానాలు ఎగరేసి ఎగరేసి చేయి తిరిగిన మనిషి ఆమె. థర్మోకోలును ముట్టని రెసిను ఒకటుందనీ, దాని పేరు ఎపాక్సీ అనీ, పడవల రెసినుకంటే అది గట్టిదనీ ఆమె చెప్పింది. సత్తిబాబు ఆ పేరును అరచేతిలో రాసుకుని ఇంటికి వచ్చాడు.

రెండో విమానం దగ్గర జరిగిన పొరపాటు పడవలవాడు మాత్రమే చేయగలిగినది. పడవల రెసిను బిగియడానికి మందు కలిపే లెక్క మూతల్లో ఉంటుంది. ఎండాకాలం ఒక మూత, చలికాలం మూతన్నర. తొందరుంటే మరో అరమూత. మందు పెరిగితే త్వరగా బిగుస్తుంది. ఎపాక్సీలో కలిపే హార్డెనరు అలాంటి మొహమాటాలు ఎరగదు. వంద గ్రాములకు ముప్ఫై అంటే ముప్ఫయ్యే. అది మార్గశిర మాసం. మాడుగుల కొండల మీదినుంచి దిగిన మంచు పొద్దెక్కినా వీడటం లేదు. సత్తిబాబు చేయి తన పాత అలవాటు కొద్దీ, యజమానిని అడగకుండానే, ఇంకో మూతెడు ఒంపేసింది.

అది బిగియలేదు. మర్నాడు బిగియలేదు, వారానికీ బిగియలేదు. రెండో రోజున దానికి ఈగలు అంటుకున్నాయి. నాలుగో రోజున పెళ్ళి శుభలేఖ ఒకటి ఎగిరివచ్చి అంటుకుంది. వధూవరుల పేర్లు చదవడానికి వీలుగా ఉండిపోయింది గాని ఊడిరాలేదు. ఎనిమిదో రోజున పక్కింటి కోడిపెట్ట రెక్క మీదికెక్కి, దిగలేక, ఊరంతా వినేలా గోల పెట్టింది. దాన్ని విడిపించడానికి మంగాయమ్మకు అరలీటరు కొబ్బరినూనె ఖర్చయింది.

“సేపల రేవులో పడవలకి ఇలాగే కోళ్ళు అంటుకునీవా?” అంది ఆవిడ, ఒడిలో కోడిని పెట్టుకుని నూనె రాస్తూ.

“నువ్వూరుకో. రేపు ఎండొస్తే బిగుస్తది.”

“మా అయ్య ఎదురుగా ఎవడైనా పాకంలో సున్నం ఎక్కువేస్తే ఏటి సేసీవోడో తెలుసా?”

“ఏటి సేసీవోడు?”

“కర్ర పుచ్చుకునీవోడు. సున్నం నీళ్ళు కొంచెం పోస్తే మడ్డి పైకి తేలిపోద్ది, బెల్లం గట్టిగా వస్తాది. గబగబా అయిపోవాలని గరిటెడు పోసేవనుకో, నల్లబడి మెత్తగా కూకుంటాది. ఏడాది ఎండబెట్టినా అంతే. నీ ఆర్డనరూ అంతే. అది మందు కాదు, అందులో ఒక వాటా. ఎంత ఉండాలో అంతే ఉండాలి.”

మంగాయమ్మ పుట్టిల్లు వడ్డాది దగ్గర ఒక పల్లె. బెల్లం వండే ఇల్లు. పెనంలో చెరకురసం ఎప్పుడు పాకమవుతుందో, పాకం ఎప్పుడు బెల్లమవుతుందో ఆవిడ తండ్రి బుడగల చప్పుడు విని చెప్పేవాడట. ఆ విద్య కూతురికి పూర్తిగా అబ్బింది. ఫిజిక్స్ మేడమ్ ఇంగ్లీషు కాగితం ముందేసుకుని అరగంట వివరించిన నిజాన్ని ఆవిడ కోడిని నిమురుతూ రెండు ముక్కల్లో తేల్చేసింది. సత్తిబాబు మర్నాడే గ్రాములు తూచే కాటా కొన్నాడు. యార్డునుంచి వెంట తెచ్చుకున్న కొలత మూతను పారేశాడు.

ఇక మూడోది, ఈ హరికేన్. యుద్ధవిమానాల బొమ్మలున్న పుస్తకమొకటి సంధ్యారాణి తెచ్చి ఇస్తే, అన్నిటినీ తిరగేసి సత్తిబాబు దీన్నే ఎంచుకున్నాడు. దీని వెనక సగం చెక్క పక్కటెముకల మీద బట్ట బిగించి కట్టినది. పాతకాలపు పడవకూ అలాంటి పక్కటెముకలే ఉంటాయి. ఆ బొమ్మ చూడగానే ఆయనకు బంధువు కనబడినట్టయింది.

ఈసారి మాత్రం తొందరపడలేదు. అయిదు రకాల ఎపాక్సీలు చిన్న సీసాల్లో తెప్పించాడు. ప్రతి రకాన్నీ పెరుగు కప్పుల్లో కలిపి, కప్పు మీద తేదీ, వేళ, ఆనాటి ఎండో మంచో, ఎంతసేపటికి బిగిసిందో రాసి వరసగా పేర్చాడు. నలభై ఆరు కప్పులయ్యాయి. వైశాఖంలో ఆ బిగిసిన బిళ్ళల్ని రేకుల కప్పు మీద ఎండబెట్టాడు. ఎందుకంటే యుద్ధవిమానానికి ముదురు రంగు వేయాలి. ముదురు రంగు ఎండను తాగుతుంది. ఎండ తాగిన రెక్క మెత్తబడితే అంతే సంగతులు. మధ్యాహ్నం రెండింటికి మూడో రకం బిళ్ళ అప్పడంలా వంగింది. ఒకటో రకం వంగలేదు గాని, సుత్తి వేస్తే గాజులా పగిలింది. అయిదు నిమిషాల్లో బిగిసే రకం గురించి సత్తిబాబు తీర్పు ఏమిటంటే, అది సంతలో ఇచ్చిన మాట లాంటిది. అప్పటికప్పుడు గట్టిగానే ఉంటుంది, ఎండ కాసేసరికి కనబడదు. నాలుగో రకం పల్చగా ఉండి గ్లాసుబట్టలోకి ఇట్టే ఇంకుతుంది. నలభై నిమిషాలు చేతికి అందుబాటులో ఉండి, నిదానంగా బిగుస్తుంది. ఎండలో బుద్ధిగా పడుకుంటుంది. పెళ్ళిసంబంధం కుదిరినంత సంబరంగా ఆయన దానినే ఖాయం చేశాడు.

ఖాయం చేశాక కూడా ఒక గండం తప్పలేదు. రెక్క మొత్తానికి ఒకేసారి పూయాలని అరకిలో రెసిను తూచి, హార్డెనరు పాళ్ళ ప్రకారం పోసి, లోతైన ప్లాస్టిక్ మగ్గులో కలిపాడు. కలిపి, గ్లాసుబట్ట సరిచేసుకుంటూ ఉండగా మగ్గులోంచి పొగ లేచింది. మగ్గు వంగి, ఒక పక్కకు ఒరుగుతోంది.

“పొయ్యి లేకుండానే ఉడుకుతందేటిది?” అని సత్తిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

గుమ్మంలో ఉన్న మంగాయమ్మ ఒక్క ఉదుటున వచ్చింది. పాకం ముదురుతుంటే చేయి ఏం చేస్తుందో ఆవిడ చేయి అదే చేసింది. గుడ్డతో మగ్గు పట్టుకుని, పక్కనున్న పెద్ద పళ్ళెంలోకి ఒంపేసి, పుల్లతో పలచగా పరిచింది. పొగ తగ్గింది.

“లోతులో ఉంటే దాని ఏడి దాన్నే తినీస్తాది. పాకమైతే తీసి ఎడల్పుగా పొయ్యమా? ఇదీ అంతే. ఇకనించి పళ్ళెంలోనే కలుపు.” తరవాత పళ్ళెంకేసి చూసి అంది: “ఇది మా అమ్మ ఇచ్చిన పళ్ళెం. ఇంక అన్నానికి పనికిరాదు. నీ ఇమానానికే దారపోసేనని అనుకో.”

ఆ రోజునుంచి రెసిను కలిపినప్పుడల్లా గడియారం చూసేది సత్తిబాబు, పాకం చూసేది మంగాయమ్మ. చీపురుపుల్ల ముంచి పైకెత్తుతుంది. తీగ ఎంత పొడుగు సాగుతోందో చూస్తుంది. “ఇంకో పది నిమిషాలుంది, రాసుకో” అనో, “సాలు, ఇంక ముట్టకు” అనో అంటుంది. గడియారం ఎన్నిసార్లు ఆవిడతో విభేదించిందో అన్నిసార్లూ గడియారమే తప్పింది. కప్పుల మీది రాతలే అందుకు సాక్ష్యం.

ఎగరేసే పండక్కి రెండు వారాల ముందు, ఒక ఆదివారం ఉదయం, ఉదయ్‌కుమార్ చోడవరం వచ్చాడు. క్లబ్బులో భద్రత చూసే ఇంజినీరు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మర్యాదస్తుడే. కాని ఫారం తప్ప మరో గ్రంథాన్ని నమ్మని మనిషి.

“ఇక్కడ పేరుండాలే, ఖాళీగా ఉందేంటి?” అన్నాడు, పదకొండో గడి చూసి.

“సెరిపేసేను బాబూ,” అన్నాడు సత్తిబాబు.

“ఎందుకు?”

“అబద్ధం కాబట్టి.”

ఉదయ్‌కుమార్ సంధ్యారాణి వైపు చూశాడు. ఆమె, “నాకు సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు సార్,” అంది.

“సరే. ఏ రెసిన్ వాడారు? డేటా షీట్ ఉందా?”

“కాగితం కావాలా, వస్తువు కావాలా?” అని సత్తిబాబు నలభై ఆరు కప్పుల అట్టపెట్టెను తెచ్చి ఆయన ఒడిలో పెట్టాడు. కాలు మీద కాలు వేసుకు కూర్చున్న ఉదయ్‌కుమార్ కాలు దించి, ఒక్కొక్క కప్పూ తిప్పి చదవసాగాడు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖంలో అధికారం తగ్గి ఆకలి పెరిగింది. “మే నెలలో రూఫ్ మీద పెట్టారా? ఎన్ని డిగ్రీలుంటుందో తెలుసా?”

“డిగ్రీలు తెలీవు. సెప్పుల్లేకుండా ఎక్కితే నాలుగు అంగల్లో దూకీవోణ్ణి. అంత ఏడి.”

“ఎక్కడిదాకా బ్రష్ పని చెయ్యొచ్చో ఎలా తెలుస్తుంది?”

“అది ఆవిడ సెప్తాది.”

మంగాయమ్మ చీపురుపుల్ల చేతిలో పట్టుకునే వచ్చింది. తీగ బెత్తెడు సాగితే ఏమిటో, జానెడు సాగితే ఏమిటో, పుల్లకు ముద్దకట్టి తెగిపోతే ఏమిటో, అన్నీ గాలిలో గీసి చూపించింది. ఉదయ్‌కుమార్ ఫారం వెనక ‘బ్రూమ్‌స్టిక్ టెస్ట్’ అని రాసుకుని, దాని కింద రెండు గీతలు గీశాడు.

“ఇక లోడ్ టెస్ట్. విమానం బరువుకి నాలుగు రెట్లు, అంటే యాభై రెండు కిలోలు, గాలి కిందినుంచి నెడుతుంది కాబట్టి రెక్కలు తిరగేసి వాటిమీద సమానంగా పరచాలి. ఇసుక సంచులేవీ?”

ఇసుక సంచులు లేవు. ఫారంతోపాటు పంపిన ఇంగ్లీషు కాగితంలో వాటి సంగతి ఉందట. ఆ పేజీని సంధ్యారాణి చదివి మరిచిపోయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్ష ఇవాళ జరక్కపోతే ఫారం వెనక్కి పోతుంది. ఫారం పోతే విమానం ఉండిపోతుంది.

“ఇసక సంచులే కావాలేటి?” అంది మంగాయమ్మ. “కిలో కిలో ఉండే వస్తువు ఏదైనా పరవాలేదా?”

“బరువు బరువే కదమ్మా.”

ఆవిడ ఫోను తీసి అన్నయ్యకు కొట్టింది. ముప్పావుగంటలో వడ్డాదినుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. దాన్నిండా కిలో బెల్లం అచ్చులు, అప్పుడే కాగితం చుట్టినవి. ఉదయ్‌కుమార్ అయిదింటిని కాటా మీద పెట్టి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

తలకిందులుగా పెట్టిన హరికేన్ మీద బెల్లం అచ్చులు పేర్చడం మొదలైంది. ఎడమన ఒకటి, కుడిన ఒకటి. పది. ఇరవై. వీధిలో పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి గోడ దగ్గర చేరారు. “ఏటిది, ఇమానానికి నైవేద్యమా?” అని ఎవరో అన్నారు. ముప్ఫై దగ్గరకు వచ్చేసరికి చీమలు కూడా బారు కట్టాయి. ముప్ఫై ఎనిమిది పెట్టేసరికి రెక్కల చివరలు బెత్తెడు కిందికి వంగాయి. సత్తిబాబు లెక్కపెట్టడం మానేశాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి గాని అంకెలు రావడం లేదు.

నలభై నాలుగో అచ్చు పెట్టగానే ‘టక్’ మంది.

ఉదయ్‌కుమార్ ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద వెల్లకిలా పడుకుని, రెక్కల కిందికి దూరి, సెల్‌ఫోను వెలుగుతో అంగుళం అంగుళం వెతికాడు. సత్తిబాబు గోడకు చేరగిలబడి, వేళ్ళతో కప్పుల పెట్టె అంచు నలుపుతున్నాడు. పడవైతే నీళ్ళలో దించి చూడొచ్చు. ఇక్కడ చూడవలసింది ఆ కుర్రవాడి ముఖమే. అదేమో రెక్క కింద ఉంది.

“రెక్క బాగానే ఉంది,” అంది ముఖం, రెక్క కిందినుంచి. “మరి ఏం విరిగింది?”

మంగాయమ్మ ఒంగి చూసి నాలుక కరుచుకుంది. కుడి రెక్క మీది బెల్లం అచ్చు ఒకటి నిలువునా రెండు ముక్కలైంది.

“మా అన్నయ్య పాకం ముదరబెట్టీసేడు,” అంది, పుట్టింటి పరువు పోయినదానిలా. “దాన్ని తీసీ, ఇంకోటి పెట్టండి.”

గోడ దగ్గర జనం విరగబడి నవ్వారు. ఉదయ్‌కుమార్ పడుకునే నవ్వాడు. లేచి, వీపున దుమ్ముతోనే, మిగిలిన ఎనిమిదీ తన చేత్తో పేర్చాడు. యాభై రెండు. గడియారం చూసి అయిదు నిమిషాలు నిలిపాడు. దించమన్నాడు. అచ్చులన్నీ దించేసరికి రెక్కలు మళ్ళీ తిన్నగా, ఏమీ ఎరగనట్టు, మామూలు చోటికి వచ్చాయి.

ఆయన పెన్సిలు తీయలేదు. జేబులోంచి సిరా పెన్ను తీసి, ఫారంతో సహా సత్తిబాబు చేతికి ఇచ్చాడు. “మీరే రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు.”

సత్తిబాబు పెన్నును బ్రష్షులా పట్టుకుని, ‘యల్లపు సత్తిబాబు’ అని నిదానంగా, అక్షరానికీ అక్షరానికీ నడుమ గాలిబుడగ మిగలకుండా రాశాడు. రాసి, ఆగి, ఉన్న కాస్త చోటులో దాని కింద ‘మంగాయమ్మ’ అని మొదలుపెట్టాడు.

“నా పేరెందుకు?” అంది ఆవిడ గబుక్కున. “రేప్పొద్దున ఎవడి నెత్తి మీదైనా పడితే నన్నూ పట్టుకుపోతారు.”

“అందుకే రాస్తన్నాను. నేనొక్కణ్ణీ ఎల్లలేను.”

గడి చాలలేదు. చివరి రెండక్షరాలు గీత దాటి పన్నెండో గడిలోకి, అంటే ‘కార్యాలయ ఉపయోగార్థం’ అన్న చోటికి వెళ్ళాయి. ఉదయ్‌కుమార్ ఆ పక్కనే తన సంతకం చేశాడు.

రెండు వారాలు రంగుల హడావుడిలో గడిచాయి. మట్టిరంగూ, ముదురాకుపచ్చా, ముక్కుమీద తెల్లగీత, పక్కలకూ రెక్కలకూ గుండ్రటి నీలం గుర్తులు. పండగనాటి ఉదయం లేఅవుట్లో తారురోడ్డు పొడవునా గొడుగులూ బల్లలూ వెలిశాయి. నగరంనుంచి వచ్చిన విమానాలు పెట్టెల్లోంచి దిగాయి. చోడవరం విమానం ట్రాలీ ఆటోలో, పాత పరుపు మీద, పెళ్ళికూతురిలా దిగింది. దాని బోల్టులన్నిటినీ ఉదయ్‌కుమార్ రెండుసార్లు బిగించి చూశాడు. సంధ్యారాణి రిమోటు మెళ్ళో వేసుకుంది. ఇంజిను రెండు దగ్గులు దగ్గి, మూడోదానికి గొంతు సవరించుకుని, ఎత్తుకుంది. చుట్టుపక్కల చెరకుతోటల్లోంచి కొంగలు లేచిపోయాయి.

హరికేన్ తోక ఎత్తి పరుగెత్తింది. రోడ్డు సగంలో చక్రాలకు నేల అక్కర్లేకపోయింది. ఆ తరవాత ఎనిమిది నిమిషాలపాటు చోడవరం ఆకాశంలో ఏం జరిగిందో అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెబుతారు. అది పక్కకు ఒరిగి తిరిగింది. తాటిచెట్ల వరుస మీదుగా దిగి, రోడ్డు వెంట మనిషంత ఎత్తులో దూసుకుపోయి, నిటారుగా లేచింది. గొడుగుల కిందినుంచి ముసలీ ముతకా బయటికి వచ్చి చప్పట్లు కొట్టారు. చివరికి సంధ్యారాణి దాన్ని పళ్ళెంలో పాయసం దించినంత నెమ్మదిగా రోడ్డు మీదికి దించింది.

ఉదయ్‌కుమార్ పరుగున వచ్చి సత్తిబాబు రెండు చేతులూ పట్టుకున్నాడు. “సత్తిబాబు గారూ, ఆ కిందికొచ్చి లేచినప్పుడు రెక్క చూశారా? వణకలేదు. కొంచెం కూడా వణకలేదు. చూశారు కదా?”

“లేదు బాబూ.”

“అంటే?”

సత్తిబాబు తల గోక్కున్నాడు. “అది పరుగెత్తగానే కళ్ళు మూసీసుకున్నాను. మళ్ళీ తెరవడానికి దైర్యం సాల్లేదు.”

“ఎనిమిది నిమిషాలూనా?” అంది సంధ్యారాణి.

“సప్పుడు ఇన్నాను కదమ్మా.”

మంగాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “మూడేళ్ళు వరండాలో కాలు పెట్టడానికి సోటు లేదు. నా పళ్ళెం పోయింది, కొబ్బరినూనె పోయింది. నా పేరు సర్కారు గడిలో రాసేవు. తీరా ఎగిరితే కళ్ళు మూసుకున్నావేటయ్యా?” ఆవిడ సంధ్యారాణి వైపు తిరిగింది. “ఒలే, మళ్ళీ ఎగరెయ్. ఈసారి నేను రెప్పలు పట్టుకుంటాను.”

పెట్రోలు సగం మిగిలే ఉంది. మిగిలినవాళ్ళ వంతులు ఆపి, ఉదయ్‌కుమార్ రోడ్డు ఖాళీ చేయించాడు. హరికేన్ రెండోసారి పరుగెత్తింది. మంగాయమ్మ అన్నంత పనీ చేసి, మొగుడి గడ్డం పట్టుకుని ముఖం ఆకాశానికి ఎత్తింది. విమానం లేచి, ఎండలో మెరిసి, ఒక చుట్టు చుట్టి, సరిగ్గా వాళ్ళ నెత్తిమీదుగా పొట్ట చూపిస్తూ వెళ్ళింది. సత్తిబాబు నోరు తెరుచుకుని, కళ్ళు తెరుచుకుని, దాని వెంట మెడ తిప్పాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. రెండో చుట్టు వచ్చింది. మూడో చుట్టు వచ్చేసరికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

“ఏటయింది? ఏడుస్తన్నావా?” అంది మంగాయమ్మ.

“ఎడం రెక్క కిందికి సూడు,” అన్నాడాయన, నవ్వు ఆపుకోలేక ఆవిడ భుజం పట్టుకుని. “నీలం గుర్తు ఎయ్యడం మరిసిపోయేనే.”

బోల్టులన్నిటినీ రెండుసార్లు చూసిన ఉదయ్‌కుమార్ కూడా ఆ ఖాళీని చూడలేదు. ఆకాశంలో తన విమానం కింద నిలబడి దానిలో తప్పు పట్టే అధికారం ఆ రోడ్డు మీద ఒక్క సత్తిబాబుకే ఉంది. నాలుగో చుట్టు రాగానే ఆయన వేలెత్తి ఆ తప్పును ఊరందరికీ చూపించసాగాడు.